రంజాన్ అమ్మలకి కూడా రావాలి



షాబాన్ నడుస్తోంది. ఇంకొన్ని రోజుల్లో చాంద్ కనిపిస్తే రంజాన్. ఒక మాట ఇప్పుడే చెప్పేయాలి. రంజాన్ మొదలైతే చెప్పడానికి నాకు ఫుర్సత్ ఉండదు, వినడానికి మీకూ ఉండదు. చిన్న పిల్లలున్న ఇళ్ళలో అమ్మకి రంజాన్ దక్కడం లేదు. నెల వస్తుంది, ఇంట్లో అందరినీ పలకరించి పోతుంది, ఆమె మాత్రం వంటింట్లో నుంచి దాన్ని సాగనంపుతుంది. ఇందులో పిల్లల తప్పేం లేదు. రోజా తప్పు అసలే లేదు. మనం పెంచుకున్న రివాజులే ఇంతదాకా తెచ్చాయని, వాటిని ఈ షాబాన్‌లోనే ఇంట్లో కూర్చుని కోసేసుకోవాలని నా అభిప్రాయం.

మాది తిరువూరు. విజయవాడ నుంచి జగదల్‌పూర్ పోయే హైవే మీద, తెలంగాణ సరిహద్దుకి ఆనుకుని ఉన్న ఊరు. చుట్టూ మామిడి తోటలు. మా వారు తోటలు కౌలుకి తీసుకుంటారు. మార్చి అంటే పిందె నిలబడే కాలం, మందు కొట్టించడం, నీళ్ళు పెట్టించడం, రాలిన పిందెని చూసి దిగులు పడటం. రోజా ఉండి ఆ ఎండలో ఆయన పడే మషక్కత్ నాకు తెలుసు. కాబట్టి ఇది మర్దుల మీద ఫిర్యాదు అనుకోకండి. అనుకున్నా పర్లేదు, చివరిదాకా చదవండి.

నిరుడు, అంటే 2025లో, మొదటి రోజా మార్చి 2, ఆదివారం. పండుగ మార్చి 31. మధ్యలో ఏమేం పడ్డాయో చూడండి. మార్చి 15 నుంచి ఒంటిపూట బడులు. 17 నుంచి పదో తరగతి పరీక్షలు. మా ఆడపడుచు కూతురు పదో తరగతి, మా ఇంట్లోనే ఉండి రాసింది. 30న ఉగాది. 31న ఈద్. ఏప్రిల్ 1న సాంఘిక శాస్త్రం పరీక్ష. ఆ పరీక్ష 31న ఉండాల్సింది, పండుగ వల్ల మర్నాటికి జరిపారు. పండుగ రోజున పరీక్ష లేకపోవడం సంతోషమే, గానీ ఈద్ నాడు ఇంటినిండా మెహమాన్లు, ఆ పిల్ల మాత్రం మేడ మీద గదిలో షీర్ ఖుర్మా గిన్నె ఒక పక్క, పుస్తకం ఒక పక్క పెట్టుకుని కూర్చుంది. కిందికి దిగినప్పుడల్లా ఎవరో ఒకరు ఈదీ ఇచ్చి పది నిమిషాలు మాట్లాడేవాళ్ళు.

నా పిల్లలు ముగ్గురు. అప్పటికి పెద్దోడికి ఎనిమిదేళ్ళు, నడిపిదానికి ఐదు, చంటిదానికి పది నెలలు.

ఒంటిపూట బడి అంటే బయటివాళ్ళకి పిల్లలకి దొరికిన సుఖం. నిజమే, ఎండ నుంచి హిఫాజత్. మరి ఇంట్లో రోజా ఉన్న అమ్మకి? బడి పొద్దున ఏడూ ముప్పావుకే. సహెరీకి మూడున్నరకి లేచి, వండి, అందరినీ లేపి, తినిపించి, ఐదు ప్రాంతంలో సహెరీ ముగిసి, ఫజర్ చదివి నడుం వాల్చుదామనుకునేసరికి టిఫిను, బాక్సులు, యూనిఫాంలు. మేనకోడలిని ఎనిమిదిన్నరకల్లా సెంటర్‌కి పంపాలి, పరీక్ష తొమ్మిదిన్నరకి. పన్నెండున్నరకి బడి వదిలితే ఇద్దరు పిల్లలు ఆకలితో ఇంటికి. అన్నం పెట్టి, ఎండకి బయటికి పోకుండా ఆపి, వాళ్ళిద్దరి తగవులు తీర్చి, చంటిదాన్ని పడుకోబెడితే మూడు. మూడున్నరకి ఇఫ్తార్ వంట మొదలు.

ఇక్కడ కాసేపు ఆగుతాను. నా గొడవంతా ఈ మూడున్నర దగ్గరే.

మామూలు రోజుల్లో మా ఇంట్లో సాయంత్రం టీ, బిస్కెట్లు. రంజాన్‌లో అదే సాయంత్రానికి మిర్చి బజ్జీలు, ఖీమా సమోసాలు, దహీ బడే, శనగ గుగ్గిళ్ళు, నాలుగు రకాల పళ్ళ ముక్కలు, సబ్జా వేసిన షర్బత్, ఇంకా మసీదుకి పంపే ప్లేటు, పక్కిళ్ళకి పంపే ప్లేట్లు. ఇవి కాక రాత్రి భోజనం. నేనొక రోజు గడియారం చూసి లెక్క కట్టాను. మూడున్నర నుంచి అజాన్ దాకా దాదాపు మూడు గంటలు. ఇరవై తొమ్మిది రోజాలు వేసుకుంటే ఎనభై గంటల పైనే. నేను నిదానంగా చదివితే ఖురాన్ ఒక పారాకి గంట పడుతుంది. ముప్పై పారాలకి ముప్పై గంటలు. అంటే నిరుడు నేను నూనె బాండీ ముందు నిలబడ్డ సమయంలో రెండు ఖతమ్‌లు పూర్తయి మూడోది సగానికి పైగా వెళ్ళేది. ఖురాన్ నాజిల్ అయిన నెల అది. నేను ఆగిపోయింది పదకొండో పారా దగ్గర.

వండి పెట్టడం కూడా ఇబాదతే కదా అంటారు. రోజాదారుకి ఇఫ్తార్ పెట్టడంలో అజర్ ఉందని మనందరికీ తెలుసు. నేనూ నమ్ముతాను. అయితే ఆ అజర్ ఖజూరానికి ఉందా, నాలుగో రకం బజ్జీకి ఉందా? ప్రవక్త (స.అ.స.) తాజా ఖజూరాలతో ఇఫ్తార్ చేసేవారని, అవి లేకపోతే ఎండువాటితో, అవీ లేకపోతే కొన్ని గుక్కల నీళ్ళతో చేసేవారని అబూ దావూద్, తిర్మిజీల్లో ఉంది. ప్రతి రంజాన్‌కి ముందు జుమా బయాన్‌లో ఈ మాట వింటాం. విని ఇంటికొచ్చి, శనగపిండి ఎన్ని కిలోలు తేవాలో లెక్క వేస్తాం.

ఇదంతా పెద్దల నాటి రివాజు, ఎలా మానేస్తాం అనుకునేవాళ్ళకి మా అత్తగారి మాట చెప్తాను. ఆమెకి డెబ్భై దాటాయి. ఒకరోజు నేను సమోసాలు మడుస్తుంటే పక్కన కూర్చుని, “మా రోజుల్లో ఇవన్నీ ఎక్కడివి బేటీ? గుగ్గిళ్ళు, జావ. ఖజూరం దొరికిన రోజు ఖజూరం, లేని రోజు ఉప్పు నాలిక్కి రాసుకుని నీళ్ళు. మీ మామయ్య కట్టెలు కొట్టి పెట్టి పొలం పోయేవారు,” అన్నారు. ఏడుగురు పిల్లల తల్లి ఆమె. రోటి పచ్చడి, కట్టెల పొయ్యి, బావి నీళ్ళు, అంత చాకిరీలోనూ ఇఫ్తార్‌కి రెండే గిన్నెలు. మనకి గ్యాసు, మిక్సీ, ఫ్రిజ్ వచ్చాయి. అవి మిగిల్చిన సమయాన్నంతా మళ్ళీ బాండీలోనే పోశాం. ఫోనుల్లో వచ్చే వంటల వీడియోల పుణ్యం కొంత, పక్కింటి ప్లేటులో ఏమొచ్చిందో చూసుకునే మన కళ్ళ పుణ్యం కొంత. దీన్ని రివాజు అనడం మా అత్తగారి తరానికి అన్యాయం.

ఇంకో రుజువు కూడా ఉంది, అది ఆడవాళ్ళకే తెలుస్తుంది. ఇప్పుడు షాబాన్‌లో నేను నిరుటి ఖజా రోజాలు తీర్చుకుంటున్నాను. చంటిదానికి పాలు సరిపోక నిరుడు కొన్ని వదలాల్సి వచ్చింది. మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు ఈ నెలంతా ఇదే పని మీద ఉండి ఉంటారు, మీరు గమనించారో లేదో. హజ్రత్ ఆయిషా (రజి.) కూడా తన మీద మిగిలిన రోజాలని షాబాన్‌లోనే పూర్తి చేయడానికి వీలయ్యేదని చెప్పిన హదీసు బుఖారీ, ముస్లింలలో ఉంది. అది తలుచుకుంటే నాకు ధైర్యంగా ఉంటుంది. సరే, ఈ ఖజా రోజాకి ఇఫ్తార్ ఏమిటో చెప్పనా? రెండు ఖజూరాలు, గ్లాసు నీళ్ళు, మధ్యాహ్నం మిగిలిన పప్పన్నం. బజ్జీలేవని ఎవరూ అడగలేదు. దహీ బడే లేవని నా రోజా తక్కువా కాలేదు. ఇంట్లో వాళ్ళు టీవీ చూస్తుండగా నేనొక్కదాన్నే అజాన్ విని నోట్లో ఖజూరం వేసుకున్నాను. అదే రోజా, అదే పగలు, అదే ఆకలి. ఆడది ఒంటరిగా ఉంటే పప్పన్నం సరిపోయే రోజా, ఇంట్లో మర్దులు కూడా ఉంటే మూడు గంటల వంట ఎందుకు అడుగుతుంది?

పాలిచ్చే తల్లుల గురించి ఒక మాట. గర్భిణికి, పాలిచ్చే తల్లికి రోజా విషయంలో అల్లాహ్ సడలింపు ఇచ్చాడని హదీసు ఉంది, ముసాఫిర్‌కి ఇచ్చినట్టే. తర్వాత ఖజా చేయాలా, ఫిద్యా ఇవ్వాలా అన్న చోట ఉలమా మధ్య తేడాలున్నాయి, అది మీ మసీదు ఆలిమ్‌ని అడగండి. అసలు రుఖ్సత్ ఉందన్న విషయంలో గొడవ లేదు. ఉన్నా మన ఇళ్ళలో ఏం జరుగుతుంది? రోజా లేని తల్లి ఫ్రిజ్ తలుపు చాటున నిలబడి నీళ్ళు తాగుతుంది. మామగారు వస్తున్నారంటే నోట్లో ముద్ద మింగేస్తుంది. ఎవరైనా “ఈ రోజు రోజానా?” అని అడిగితే ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటుంది. మా బంధువుల్లో ఒక అమ్మాయి, నెలల బిడ్డ తల్లి, పగలంతా ఏమీ తినలేక, అటు రోజా కూడా కాక, కళ్ళు తిరిగి పడిపోయింది. అల్లాహ్ ఇచ్చిన రుఖ్సత్‌కి మనం పెట్టిన పహరా ఇది. పెద్దలు ఒక్క పని చేస్తే చాలు. మధ్యాహ్నం ఆ తల్లికి పళ్ళెంలో అన్నం పెట్టి, “తిను తల్లీ, బిడ్డకి పాలివ్వాలి,” అని గట్టిగా, అందరికీ వినపడేలా అనండి. మా అత్తగారు నిరుడు అలాగే అన్నారు. అల్లాహ్ ఆమెకి సేహత్ ఇవ్వాలి.

ఇక మర్దుల సంగతి. నిరుడు రంజాన్‌లో ఇక్కడా, తెలంగాణలోనూ ముస్లిం ఉద్యోగులు సాయంత్రం గంట ముందు ఇంటికెళ్ళొచ్చని ప్రభుత్వాలు ఆర్డర్లిచ్చాయి. మంచి పనే, షుక్రియా. ఇప్పుడు ఆ గంట ఎవరికి చేరిందో చూడండి. భార్యాభర్తలిద్దరూ టీచర్లైన ఇల్లు ఒకటి నాకు తెలుసు. ఇద్దరికీ ఒకటే గంట. ఆయన గంట ముందొచ్చి వుజూ చేసుకుని తస్బీహ్ పట్టుకుని కూర్చుంటారు, ఒక్కోరోజు కునుకు తీస్తారు. ఆవిడ గంట ముందొచ్చి గంట ముందే స్టవ్ వెలిగిస్తుంది. ఆర్డరులో మర్ద్ అనీ ఔరత్ అనీ ఏం లేదు. ఇంటి గడప దాటాకే ఆ గంట రెండు రకాలవుతుంది.

ప్రవక్త (స.అ.స.) ఇంట్లో ఉన్నప్పుడు ఏం చేసేవారని అడిగితే, ఇంటివాళ్ళ పనుల్లో ఉండేవారని, నమాజ్ వేళకి లేచి వెళ్ళేవారని ఆయిషా (రజి.) చెప్పారు. ఇది బుఖారీలో ఉంది. గడ్డం, మిస్వాక్, అత్తర్ సున్నత్ అని గుర్తుపెట్టుకున్న మనకి ఈ సున్నత్ ఎందుకు జారిపోయిందో! ఖర్చు కూడా లేనిది.

మర్దులు సమోసాలు మడవాలని నేనడగడం లేదు. మడిస్తే మాషా అల్లాహ్, గానీ తర్వాత వంటిల్లు శుభ్రం చేసేది ఎవరన్నది మళ్ళీ ఇంకో గొడవ. నేనడిగేది రెండే. మొదటిది, అసర్ నుంచి మగ్రిబ్ దాకా పిల్లల్ని ఎత్తుకోండి. ఎత్తుకోవడమంటే ఫోనిచ్చి కూర్చోబెట్టడం కాదు. ఆ వేళకి పిల్లలు అలిసిపోయి ఉంటారు, ఒకరి మీద ఒకరు పడతారు, చంటివాళ్ళకి అమ్మే కావాలి, వంటింటి గడప దగ్గర పడి ఏడుస్తారు. పక్కన కాగే నూనె. ఆ గంట ఇల్లాలికి అన్నిటికంటే కష్టమైన గంట. పిల్లల్ని బయట కాస్త తిప్పుకురండి. మసీదుకి తీసుకెళ్ళండి.

మసీదుకి అనగానే కొందరి మొహాలు ముడుచుకుంటాయి, పిల్లలు అల్లరి చేస్తారని. ప్రవక్త (స.అ.స.) మనవరాలు ఉమామాని ఎత్తుకుని నమాజ్ చదివించారు, సజ్దాకి వెళ్ళేటప్పుడు దింపి, లేచేటప్పుడు మళ్ళీ ఎత్తుకునేవారు. నమాజ్‌లో పసిబిడ్డ ఏడుపు వినిపిస్తే, తల్లి మనసు ఎలా ఉంటుందోనని నమాజ్‌ని తగ్గించేవారు. రెండూ బుఖారీ, ముస్లింలలో ఉన్నవే. ఈ రెండో హదీసులో నన్ను ఆపేసేది ఏమిటంటే, ఆ తల్లి మసీదులోనే ఉంది, వెనక సఫ్‌లో. మన చిన్న ఊళ్ళలో చాలా మసీదుల్లో ఔరతులకి చోటు లేదు. అది ఒక్క రోజులో తేలే సంగతి కాదు. కనీసం తండ్రి చెయ్యి పట్టుకుని వచ్చిన పిల్లాడిని కసరకుండా ఉండటం ఈ రోజే మొదలుపెట్టొచ్చు. రంజాన్‌లో ఒకసారి కసిరించుకున్న పిల్లాడు మళ్ళీ వస్తాడని నమ్మకం లేదు.

రెండోది తరావీహ్. ఇది మర్దులకీ ఔరతులకీ ఇద్దరికీ సున్నతేనని మన ఉలమా చెప్తారు. ఆయన మసీదులో ఇరవై రకాత్‌లు చదివి, హాఫిజ్ సాబ్ ఖిరాత్ గురించి మాట్లాడుకుంటూ, టీ తాగి పదిన్నరకి ఇంటికొస్తారు. ఆమె ఇంట్లో నీయత్ కట్టిన ప్రతిసారీ ఎవరో ఒకరు లేస్తారు. నాలుగు రకాత్‌లు, పాలు, రెండు రకాత్‌లు, డైపరు, ఆపైన నిద్ర. టీ మానేసి నేరుగా ఇంటికి రండి. వచ్చి చంటిబిడ్డని భుజాన వేసుకుని వాకిట్లో ముప్పావు గంట తిరగండి. ఆ ముప్పావు గంట ఆమెకి ముసల్లా మీద దొరికితే, ఆ రోజుకి ఆమెకీ రంజాన్ వచ్చినట్టే.

పిల్లల రోజాల గురించి చిన్నగా. మా పెద్దోడికి నిరుడు రోజా సరదా పట్టింది. ఎండలు చూసి, పన్నెండున్నరకి బడి నుంచి రాగానే విప్పించేశాం. వాడికి ఆధా రోజా. మర్నాడు మిగిలిన సగం, రెండూ కలిపి ఒకటని వాడి హిసాబ్. పది రోజుల్లో ఐదు పూర్తి చేశానని ఊరంతా చెప్పాడు. సహాబాల కాలంలో పిల్లలు రోజా ఉండి ఆకలికి ఏడిస్తే ఉన్ని బొమ్మలు ఇచ్చి ఇఫ్తార్ దాకా ఆడించేవారని రుబయ్యి (రజి.) చెప్పిన హదీసు ఉంది. పిల్లల దీన్ బొమ్మలతో మొదలైంది అక్కడ. మన దగ్గర ఏడేళ్ళ బిడ్డ మొదటి రోజాకి ఫ్లెక్సీ, స్టేజీ, పూలదండ, రెండొందల మందికి దావత్. ఆ బిడ్డ దండలు మోస్తూ సాయంత్రానికి సొమ్మసిల్లుతాడు, తల్లి మెహమాన్ల లెక్క చూసుకుంటూ తన రోజానే మర్చిపోతుంది. చేసేవాళ్ళని ఆపలేను. మా ఇంట్లో మాత్రం జరగదు.

పంచుకోవడం తగ్గిపోతుందని, బరకత్ పోతుందని కొందరు అక్కలు నాతో అన్నారు. ప్లేట్లు పంపొద్దని నేననడం లేదు. నిరుడు మార్చి 30న, అది ఆఖరి రోజా అని చాంద్ చూశాకే తెలిసింది, పక్కింటి పిన్నిగారు ఉగాది పచ్చడి తెచ్చారు. ఒక్క స్టీలు గిన్నె. “రోజా కదమ్మా, పొద్దుపోయాకే తినండి,” అని మూత పెట్టి ఇచ్చి వెళ్ళారు. ఆ సాయంత్రం ఖజూరం తర్వాత మేమంతా దాన్నే తలా రెండు చెంచాలు తిన్నాం. నడిపిది వేపపువ్వు తగిలి మొహం చిట్లించింది, అందరం నవ్వాం. మర్నాడు వాళ్ళింటికి షీర్ ఖుర్మా వెళ్ళింది, అదీ ఒక్క గిన్నెతోనే. ఎవరింట్లోనూ ఎవరూ మూడు గంటలు నిలబడలేదు.

పోయిన జుమా రాత్రి మా ఇంట్లో మష్వరాకి కూర్చున్నాం. నేను, మా వారు, అత్తగారు, పెద్దోడు కూడా. ఇఫ్తార్‌కి ఖజూరం, పళ్ళు, ఏదో ఒక్క వండిన పదార్థం. నూనె బాండీ వారానికి ఒక్క రోజే, జుమా నాడు. మసీదుకి పంపేది ఖజూరాలు, అరటిపళ్ళు. సహెరీకి అందరినీ లేపే బాధ్యత మా వారిది, గ్లాసులూ దస్తర్‌ఖానూ పరిచేది పెద్దోడు. అసర్ తర్వాత పిల్లలు ఆయన దగ్గర, తోటలో మందు కొట్టే రోజులు తప్ప. తరావీహ్ తర్వాత ముప్పావు గంట నాది. ఫిత్రా డబ్బు ఈద్ నమాజ్ దాకా ఆగకుండా పదిరోజుల ముందే తీసి పక్కన పెట్టాలని కూడా అనుకున్నాం. ఆయన అన్నిటికీ సరేనన్నారు. బజ్జీల దగ్గర మాత్రం ఒకసారి నా వైపు చూశారు, వారానికి రెండు రోజులకి ఏమన్నా వీలుంటుందేమోనని. అత్తగారు కూడా సరేనన్నారు గానీ, లేచి వెళ్తూ తలుపు దగ్గర ఆగి, “మరి హలీం?” అన్నారు. ఆ సంగతి ఇంకా తేలలేదు.